పెదవి కుదరలేదు

ఫిబ్రవరి 4, 1768. లియోన్

పిల్ల కూర్చోదు. నాలుగేళ్ల పిల్ల కుదురుగా కూర్చుంటుందని తండ్రి తప్ప ఎవరనుకుంటారు? ఆయన పట్టు వ్యాపారి. బల్ల మీద పట్టు తాను పరిచినట్టు పిల్లని కుర్చీలో పరిచేస్తే సరిపోతుందనుకున్నట్టున్నారు. ఎక్కింది, దిగింది, కుర్చీ కింద దూరింది, నా ఎర్ర సుద్ద ఒకటి కొరికి చూసి ఉమ్మేసింది. దాది మియోన్ దాని వెనకాల తిరిగి తిరిగి చివరికి నేల మీద చతికిలబడింది. "పెరీనమ్మా, దీన్ని గీయడం కంటే సోన్ నదిని ఆపి గీయడం సులువు" అంది.

పేరు సబీన్. జుట్టు గోధుమగడ్డి రంగు. చెవులు కాస్త పెద్దవి. టోపీ కింద దాచెయ్యమని తల్లి చెప్పింది. దాచను.

దగ్గరికొచ్చి నా మొహంలో మొహం పెట్టి చూసింది. "నీ మొహం మీద వాన పడిందా?"

మియోన్ నాలుక కరుచుకుంది.

"పడింది. నీ అంత ఉన్నప్పుడు."

"మరి తుడుచుకోలేదా?"

ఇన్నేళ్లలో నా మశూచి మచ్చల గురించి ఇంత మర్యాదగా ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్ల తండ్రి రివతోన్ గారు అసలు సంగతి చెప్పారు. ఈస్టర్ లోపల పటం కావాలట. అదయ్యాక పిల్లకి టీకా వేయిస్తారట. తేలిగ్గా మశూచి వచ్చినవాళ్ల పొక్కు నుంచి రసం తీసి పిల్ల చేతి మీద గీరి పెడతారు. చిన్నగా వచ్చి పోతుంది, ఇక జన్మలో రాదు.

"వందలో ఒకరికో ఇద్దరికో తప్ప ఏమీ కాదు" అన్నారాయన.

"ఆ ఒక్కరూ ఎవరి పిల్ల?" అంది ఆయన భార్య ఒనోరీన్ గారు. రొట్టె తుంచుతూనే ఉంది. ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు.

ఆయన నావైపు తిరిగారు. "నా తమ్ముళ్లిద్దర్నీ ఒకే పెట్టెలో పెట్టి పూడ్చారు, పెరీన్ గారూ. నాకూ వచ్చింది, నేను బతికాను. ఎందుకు బతికానో తెలీదు. ఈవిడకి మాటిచ్చాను, పటం పూర్తయ్యే దాకా వైద్యుణ్ణి మా గుమ్మం తొక్కనివ్వనని. రేపేదైనా అయితే మొహమైనా మిగలాలి కదా."

అంటే నన్ను పిలిచింది అందుకన్నమాట.

ఫిబ్రవరి 6

పటంలో కళ్లు వచ్చేశాయి. ఒక్క పూటలో. చెంప కింద ముందు నీలం వేసి, దాని మీద గులాబి రంగు వేలితో అద్దుతుంటే లోపల నెత్తురు ఆడుతున్నట్టే ఉంది. పిల్లల కళ్లు నాకు ఎప్పుడూ ఇంత తొందరగా రావు.

ఫిబ్రవరి 9

సబీన్ నిద్రపోతుంటే ఒనోరీన్ గారు నేను పని చేసుకునే గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. పటం ముందు చాలాసేపు నిలబడింది.

"దీన్ని ముట్టుకుంటే ఏమవుతుంది?"

"రాలిపోతుందండీ, సుద్ద రంగు కదా. అద్దం బిగించే దాకా సీతాకోకచిలుక రెక్క మీది పొడే అది."

"మీరు ఎంత నెమ్మదిగా గీయగలరు?"

అర్థం కానట్టు చూశాను. అర్థమైంది.

"ఈస్టర్ దాటించండి చాలు. ఎండలు ముదిరితే వైద్యుడే వద్దంటాడు. మళ్లీ ఆకులు రాలే దాకా ఆగమంటాడు. ఈలోగా ఈయన మనసు మారొచ్చు." నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు మంచులా ఉన్నాయి. "ఆడుకుంటున్న పిల్లని పిలిచి, కూర్చోబెట్టి, చేతులారా రోగం అంటించాలా? మీరైతే చేస్తారా?"

నేనేమీ అనలేదు. ఏమీ అనకపోవడం మాటివ్వడం కాదు.

ఫిబ్రవరి 10

పెదవి కుదరలేదు. చెరిపేశాను.

ఫిబ్రవరి 13

పెదవి కుదరలేదు. చిన్నపిల్లల పెదవి నిజంగానే కష్టం. మాట్లాడుతూనే ఉంటుంది, నములుతూనే ఉంటుంది, ఏడవబోయి నవ్వేస్తుంది. ఇందులో నా తప్పేమీ లేదు.

ఫిబ్రవరి 16

రేపటి నుంచి ఈస్టర్ ముందరి ఉపవాసాలు. అందుకని ఈ రోజు ఇల్లంతా నూనె వాసన. మియోన్ ఒక పెద్ద పళ్లెం నిండా బుగ్నెలనే పిండివంట వేయించి, పైన పంచదార జల్లి తెచ్చింది. సబీన్ తిన్నదానికంటే మొహానికి పూసుకున్నదే ఎక్కువ. పైఅంతస్తు నోటరీ గారి అబ్బాయి ఫిర్మాన్ కూడా వచ్చాడు. ఆరేళ్లుంటాయి, పెద్దమనిషిలా నడుస్తాడు. ఇద్దరూ మెట్ల కటకటాల మీంచి జారి మియోన్ చేత తిట్లు తిన్నారు.

తర్వాత సబీన్ నా ఒళ్లోకి ఎక్కి అలాగే నిద్రపోయింది. రంగు వేళ్లతో దాని గౌను పట్టుకోకూడదని చేతులు రెండూ గాల్లో పెట్టుకుని కూర్చున్నాను. మియోన్ చూసి ఎత్తుకోబోయింది. "ఉండనీ" అన్నాను.

నాకు మశూచి తగ్గాక మా అమ్మ ఇంట్లో ఉన్న ఒక్క అద్దాన్నీ పక్కింటావిడకి ఇచ్చేసింది. దయతోనే ఇచ్చింది.

ఫిబ్రవరి 24

సోన్‌కి ఆవలి ఒడ్డున, వేజ్ వాడలో మశూచి అట. చాకలామె చెప్పింది. మియోన్ మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుంది. ఆమెకి ఇంతవరకూ రాలేదు మరి.

రివతోన్ గారు గుమ్మంలోంచే అడిగారు. "ఎంతవరకు వచ్చింది?"

"పెదవి ఒక్కటేనండీ."

మార్చి 3

ఈ రోజు ఆయన గిడ్డంగి నుంచి పెందలాడే వచ్చేశారు. పటం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూశారు. పట్టులో నూలు కలిసిందేమోనని వెతికే చూపు అది.

"మొన్న ఇక్కడ నవ్వుతూ ఉంది."

"ఆ నవ్వు అబద్ధంగా ఉందండీ. చెరిపేశాను."

"నాకు నిజంగానే కనిపించిందే."

"మీరు తండ్రి కదా."

"అవును, తండ్రినే." ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "మగ్గం మీద పోగు దానంతటదే తెగిందా, నేతగాడు తెంపాడా అన్నది ముడి చూస్తే నాకు తెలిసిపోతుంది."

సబీన్ కుర్చీలో కూర్చుని నన్నే చూస్తోంది. ఎప్పుడూ లేనిది ఈ రోజే కదలకుండా కూర్చుంది.

"పెదవి కుదరలేదండీ" అన్నాను.

"వేజ్‌లో రోజుకో పిల్ల పోతోంది. కుదర్చండి."

మార్చి 4

ఆయన అనుమానం అన్యాయం. పెదవి నిజంగానే కుదరలేదు.

మార్చి 5

ఒనోరీన్ గారు నాకు తన గదిలోంచి ఉన్ని శాలువా పంపించింది. ఆవిడ ఎదురుపడితే ఇద్దరం తల దించుకుంటున్నాం. దొంగసొత్తు పంచుకున్నవాళ్లలా.

మార్చి 9

ఫిర్మాన్‌కి జ్వరం. వాంతులు. నడుం నొప్పి అని ఏడుస్తున్నాడట. పిల్లలకి నడుం నొప్పేమిటి అని మియోన్ అంది. నాకు తెలుసు ఏమిటో.

మొన్ననే సబీన్‌తో కలిసి ఒకే చెంచాతో జామ్ తిన్నాడు.

నేరుగా పటం దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. సబీన్‌ని కూర్చోమని కూడా అనలేదు. అది కిటికీ దగ్గర నిలబడి, రోన్ నది మీద పడవలవాళ్లు కేకలేస్తుంటే వాళ్లని వెక్కిరిస్తోంది. దాన్నలాగే చూస్తూ పెదవి వేసేశాను. కొంచెం తెరిచిన నోరు, కింద పళ్లు రెండు. వంటింట్లో పాలు కాగి పొంగే లోపు అయిపోయింది.

ఇన్నాళ్లూ ఎందుకు కుదరలేదో.

మార్చి 10

పొద్దున ఒనోరీన్ గారికి చెప్పాను. "అయిపోయిందండీ. ఇక నేను ఆపలేను. పైన పిల్లాడికి వచ్చింది మశూచే."

"ఎవరన్నారు? అజీర్తి అన్నాడు వైద్యుడు."

"నేనంటున్నాను. మనమ్మాయిని ఇంకా ఆలస్యం చేస్తే..."

"మనమ్మాయి?" అంది.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో. సర్దుకునే లోపే ఆవిడ పటం ముందుకు వెళ్లింది. ఆ నోటిని, ఆ పళ్లని చూసింది. ఆమె మొహంలో ఒక్క క్షణం ముచ్చట కూడా కనిపించింది. కనిపించలేదని అబద్ధం చెప్పలేను. అంతలోనే అరచెయ్యి చాచి నుదుటి నుంచి గడ్డం దాకా తుడిచేసింది. వంటింటి బల్ల తుడిచినట్టు. ఒకసారి, మళ్లీ ఒకసారి.

"మీకు పిల్లలుంటే తెలిసేది" అంది రొప్పుతూ.

అప్పుడే రివతోన్ గారు వచ్చారు. భార్య అరచెయ్యి చూశారు. గులాబి, తెలుపు, కాస్త నీలం. ఆవిడ దాన్ని దాచుకోలేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గాల్లోనే పట్టుకుంది.

"అయితే పటం పూర్తి కాలేదన్నమాట" అన్నారాయన.

"కాలేదు" అంది.

"సరే. మాటంటే మాటే." వెళ్లిపోయారు. తలుపు కూడా గట్టిగా వేయలేదు.

నాకు కోపం రావాలి. నా జీవితంలో ఇంత మంచి పటం వేసి ఎరగను. కోపం రాలేదు. మళ్లీ మొదటి నుంచి గీయాలి, ఇంకా కొన్నాళ్లు ఇక్కడే ఉండాలి అనిపించింది. ఇది రాయకుండా ఉండాల్సింది.

మార్చి 11

ఫిర్మాన్ మొహం గుర్తు పట్టేలా లేదట.

మార్చి 14

పైన అడుగుల చప్పుడు పొద్దున ఆగిపోయింది. తర్వాత నోటరీ గారి భార్య అరుపు. ఒక్కటే అరుపు, ఇల్లంతా నిలువునా చీలినట్టు.

మేమంతా ఎక్కడివాళ్లం అక్కడే ఉండిపోయాం. సబీన్ మాత్రం "ఫిర్మాన్‌ని కొట్టారా?" అని అడిగింది.

ఒనోరీన్ గారు మెట్ల దగ్గర నిలబడి పైకి చూస్తూ ఉంది. చాలాసేపటికి లోపలికొచ్చి, సబీన్‌కి శాలువా చుట్టి, ఎత్తుకుని, భర్త ముందు నిలబడింది.

"బండి కట్టించండి. సెంత్ ఫ్వా కొండ మీద మనింటికి వెళ్దాం. వైద్యుణ్ణి అక్కడికే రమ్మనండి."

"పటం..."

"పటం ఎవరిక్కావాలి!" అని అరిచింది. పిల్ల బెదిరిపోయి ఏడుపు లంకించుకుంది.

మార్చి 16. సెంత్ ఫ్వా

టీకా వేసేముందు వైద్యుడు గట్టిగా చెప్పాడు. పిల్లకి వచ్చేది చిన్నదైనా, అది ఇంకొకరికి అంటుకుంటే చిన్నదిగా ఉండాలని లేదు. ఒకసారి వచ్చి పోయినవాళ్లే ఇంట్లో ఉండాలి. మియోన్ ఊళ్లోనే ఉండిపోయింది. అందుకే నన్ను తీసుకొచ్చారు. వంటకి తోటమాలి పెళ్లాం ఉంది, ఆమె మొహమూ నా మొహం లాంటిదే.

"మరి అమ్మగారికి?" అని అడిగాడు వైద్యుడు.

"చిన్నప్పుడే, పుట్టింట్లో. తేలిగ్గా వచ్చి పోయింది" అంది ఒనోరీన్ గారు.

"మచ్చలు కనపడవే?"

"భుజం మీద ఉంది ఒకటి."

ఆయన సరేనన్నాడు. అమ్మగారి భుజం చూపించమని ఎలా అడుగుతాడు? రివతోన్ గారు కూడా సరేనన్నారు. నేను సుద్దలపెట్టె సర్దుకుంటున్నాను. అడగడం నా పని కాదు.

చిన్న కత్తి మొన. సబీన్ చేతి మీద రెండు గీతలు. "చీమ" అంది, అంతే. ఏడ్చింది తల్లే.

మార్చి 20

పిల్ల బాగుంది. తోటలో నత్తల్ని ఏరి వరసగా పెట్టి పెళ్లి ఊరేగింపు చేసింది.

ఒనోరీన్ గారు జుట్టు కడుక్కుంటుంటే నీళ్లు పోశాను. మెడ, వీపు, భుజాలు రెండూ. మంచి చర్మం.

మార్చి 24

సబీన్‌కి జ్వరం. నడుం నొప్పి అంటోంది.

మార్చి 25

జ్వరం. తల్లి మంచం దిగడం లేదు. పిల్ల బుగ్గకి తన బుగ్గ ఆనించి పడుకుంటోంది. "కాస్త ఎడంగా ఉండండి" అన్నాను. "ఎందుకు?" అని నా కళ్లలోకి సూటిగా చూసింది. నేనే తల తిప్పుకున్నాను.

మార్చి 27

పొక్కులు లేచాయి. చేతుల మీద, కడుపు మీద, మొహం మీద అక్కడక్కడ. వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వైద్యుడు చేతులు రుద్దుకుంటూ నవ్వాడు. రివతోన్ గారు తోటలోకి వెళ్లి గోడకి మొహం పెట్టుకుని నిలబడ్డారు. వెనక నుంచి భుజాలు కదలడం కనిపించింది.

ఏప్రిల్ 3. ఈస్టర్

కింద ఊళ్లో గుళ్ల గంటలన్నీ ఒక్కసారే మోగాయి. సబీన్ కోడిగుడ్డు కావాలంది. రెండు తింది. మూడోది నా జేబులో దాచింది, తర్వాతికట. నేను దాని మీద కూర్చున్నాను.

ఎన్నాళ్లయిందో ఇంత నవ్వి.

ఏప్రిల్ 7

పొక్కులు ఎండి చెక్కు కట్టాయి. గీకొద్దని చేతులకి గుడ్డ సంచులు కట్టాం. ఆ సంచులతో, ఆ చెక్కులతో కిటికీ దగ్గర కూర్చుని ఉంటే ఊరికే సుద్ద తీశాను. ఎవరూ అడగలేదు. కనుబొమ పక్కన ఉన్న చెక్కు కూడా వేశాను. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా చెరపలేదు.

ఏప్రిల్ 8

ఒనోరీన్ గారికి తలనొప్పి. పిల్ల గండం గడిచింది కదా, ఇన్నాళ్ల అలసట ఇప్పుడు బయటపడి ఉంటుంది.

ఏప్రిల్ 9

నడుం నొప్పి అంటోంది. చలిగాలే అయి ఉంటుంది. కొండ మీద గాలి కదా.

ఏప్రిల్ 11

చలిగాలి కాదు.

పొద్దున దుప్పటి తీసి చూశాను. నుదుటి మీద, మణికట్టు మీద, దగ్గర దగ్గరగా, ఆవాలు చల్లినట్టు. వైద్యుడు చూసి, "చిన్నప్పుడు వచ్చిందన్నారు కదమ్మా!" అన్నాడు. ఆవిడ కళ్లు మూసుకుంది.

రివతోన్ గారు నమ్మలేదు. "ఒనోరీన్, చెప్పు. భుజం మీద మచ్చ ఉందన్నావు."

"లేదు" అంది. "ఉందంటేనే కదా మీరు నన్ను దాని దగ్గర ఉండనిచ్చేది. దానికి ఒళ్లు కాలిపోతుంటే నేను ఊళ్లో కూర్చుని మీ కబురు కోసం ఎదురు చూడాలా?"

ఆయన బయటికెళ్లి మెట్ల మీద కూలబడ్డారు. నేను నీళ్లిస్తే తాగలేదు. "ఈ రోగాన్ని ఇంట్లోకి తెచ్చింది నేనే కదా" అన్నారు. కాదని ఎవరైనా అంటారేమోనని చూశారు.

అందరూ వెళ్లాక ఒనోరీన్ గారు నన్ను పిలిచింది. "మీకు తెలుసు కదూ? నీళ్లు పోసిన రోజే."

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

ఆమెతో అనలేనిది ఇక్కడైనా రాసుకోవాలి. చెప్తే ఆమెని ఆ రోజే కిందికి పంపేసేవారు. పిల్లతో నేనొక్కదాన్నే మిగిలేదాన్ని. అది నాకు ఎంత కావాలో నాకు తెలుసు. అంతగా కావాలి కాబట్టే నోరు మూసుకున్నాను. నేను చెప్పేది పిల్ల నాకు దక్కాలని అవుతుందే గానీ ఆమె మేలు కోసం అవదు, అది నీచం, కాబట్టి చెప్పకపోవడమే మంచితనం అనుకున్నాను. నా మంచితనం ఇదిగో, ఆ మంచం మీద ఉంది.

ఏప్రిల్ 12

సబీన్‌ని తోటమాలి ఇంట్లో పెట్టి నేను చూసుకుంటున్నాను. దానికి ఇక అంటుకునే భయం లేదు. అయినా తల్లే ఒట్టు వేయించుకుంది, తనని ఇలా చూడనివ్వొద్దని.

"అమ్మ ఏదీ?"

"అమ్మకి ఒంట్లో బాలేదు."

"నాకు బాలేనప్పుడు అమ్మ ఉందిగా. మరి నేనెందుకు ఉండకూడదు?"

ఏప్రిల్ 16

పొద్దున పిల్ల దగ్గర, మధ్యాహ్నం తల్లి దగ్గర. వైద్యుడు నవ్వడం మానేశాడు. మొహం మీద పొక్కులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కళ్లు పూర్తిగా మూసుకుపోయాయి. చేతులు మంచానికి కట్టమన్నాడు, గీక్కుంటుందని. నేను కట్టలేదు. పట్టుకుని కూర్చుంటున్నాను.

ఏప్రిల్ 18

"సబీన్ ఎలా ఉంది?" అని అడిగింది. మాట గరగరలాడుతోంది, గొంతులో కూడా వచ్చాయి.

"బాగుంది. బాతుల్ని తరుముతోంది."

"నాకు చూపించండి."

"మీరే వద్దన్నారు కదండీ."

"పిల్లని కాదు. గీశారట కదా మీరు. ఆయన చెప్పారు."

పటం తెచ్చాను. తెచ్చాక గుర్తొచ్చింది, ఆమెకి కళ్లు కనపడవని. ఆమెకి కూడా గుర్తొచ్చినట్టుంది. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను. చెవులు రెండూ బయటికే ఉన్నాయి, మీరు కోప్పడొద్దు. చేతులకి గుడ్డ సంచులున్నాయి. కనుబొమ పక్కన ఒక చెక్కు ఉంది, అది రాలాక గుంట పడుతుందేమో, చిన్నదే. నోరు తెరిచి ఉంది, నాకేదో చెప్పబోతోంది.

"నోరెక్కడ?" అంది. చెయ్యి పైకెత్తి, మధ్యలోనే ఆపేసింది. "వద్దులెండి. పాడవుతుంది."

ఆ చెయ్యి పట్టుకుని, చూపుడు వేలు తీసుకెళ్లి పెదవి మీద పెట్టాను. ఆమె నొక్కలేదు. ఊపిరి బిగబట్టి, పెదవి నుంచి బుగ్గ మీదికి వేలు మెల్లగా జరిపింది. బుగ్గ మీద ఒక చార పడింది. దాన్ని సరిచేయను.

ఏప్రిల్ 20

ఫాదర్ వచ్చి వెళ్లారు. చావు దగ్గరపడ్డవాళ్లకి పూసే చివరి నూనె పూశారు.

ఏప్రిల్ 21

ఉంది.

ఏప్రిల్ 22

ఉంది. నీళ్లు అడిగింది.

ఏప్రిల్ 29

జ్వరం దిగింది. కుడి కన్ను కాస్త తెరిచింది. వైద్యుడు కూర్చుని ఒక గ్లాసు వైన్ మొత్తం తాగాడు.

సబీన్ ఈ రోజు అమ్మ గురించి అడగలేదు. బెంగ పెట్టుకోకుండా ఉంది, అదే నయం.

మే 4

అడగలేదు. రాత్రి నా పక్కనే పడుకుంటుంది, నా చెవి పట్టుకుని.

మే 8

బాతులకి పేర్లు పెట్టింది. ఒక పెద్ద తెల్ల బాతు పేరు పెరీ, నన్ను పిలిచే పేరే. దాని పిల్ల పేరు సబీన్.

ఇంకో వారం ఉంటే బాగుండు. పిల్ల ఇంకా బలహీనంగానే ఉంది కదా. తల్లికీ విశ్రాంతి కావాలి. రివతోన్ గారితో అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు నాకు తెలుసు. ముడిని చూసే చూపు.

"బలహీనంగా లేదు, పెరీన్ గారూ" అన్నారు నెమ్మదిగా. "శనివారం తీసుకురండి."

మే 14

సబీన్‌కి తల దువ్వి, తెల్ల గౌను వేసి తీసుకెళ్లాను. దారంతా చెప్పాను, అమ్మ మొహం కొంచెం మారింది, అంతే అని. "నీలాగానా?" అంది. "నాలాగే" అన్నాను. నాలాగే అనడం కూడా దయే. ఆమెది నా కంటే చాలా ఎక్కువ.

పైగదిలో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. తల మీద ముసుగు కూడా వేసుకోలేదు. జుట్టు చాలా రాలిపోయింది. మచ్చలు ఇంకా ఎర్రగా, పచ్చిగా ఉన్నాయి. కుడి కన్ను బాగా తెరుచుకుంది, ఎడమది సగమే. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, తనే పటానికి కూర్చున్నట్టు.

"సబీన్" అంది. ఆ గొంతు కూడా పాతది కాదు.

పిల్ల నా గౌను వెనక్కి పోయింది. రెండు చేతులా పట్టుకుంది. "ఈవిడెవరు?"

"అమ్మ" అన్నాను.

"కాదు."

ఒనోరీన్ గారు కదల్లేదు. చేతులు చాచలేదు. చాస్తే పిల్ల ఇంకా వెనక్కి పోతుందని తెలుసు. ఆమె నా వైపే చూసింది. అందులో కోపం లేదు, నింద లేదు. అడుగుతోంది. ఒకప్పుడు ఇంకో గదిలో ఏదో అడిగితే నేనేమీ అనకుండా ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకుంటే చాలు, పిల్ల నాదవుతుంది. ఈ రోజుకి, రేపటికి, ఇంకొన్నాళ్లకి.

వంగి, నా గౌను పట్టుకున్న వేళ్లని ఒక్కొక్కటే విడదీశాను. అవి మళ్లీ పట్టుకున్నాయి. మళ్లీ విడదీశాను.

"నాకు పనుంది. వదులు" అన్నాను. ఆ పిల్లతో ఎప్పుడూ అలాంటి గొంతుతో మాట్లాడలేదు.

"పెరీ!"

"వదలమన్నానా!"

దాని మొహం ఒక్కసారి ఖాళీ అయిపోయింది. నేను గది దాటి తలుపు వేసేశాను. వెనక నుంచి తలుపు మీద చిన్న పిడికిళ్లు. పెరీ, పెరీ అని. మెట్లు దిగాను. సగం మెట్ల మీద కాళ్లు ఆగాయి. కటకటాలు పట్టుకుని మిగతావి దిగాను.

కింద రివతోన్ గారు బండి దగ్గర నిలబడి ఉన్నారు. నా సుద్దలపెట్టె అప్పటికే ఎక్కించారు. నన్ను చూడలేదు, ఆయన కూడా పైకిటికీనే చూస్తున్నారు.

ఏడుపు ఎక్కువైంది. తర్వాత ఏదో పడిన చప్పుడు. ఆ తర్వాత ఆ గరగర గొంతు, మాటలు వినపడలేదు, ఆగి ఆగి ఏదో చెప్తోంది. ఏడుపు తగ్గింది. ఎక్కిళ్లు. అవీ ఆగాయి.

"బయల్దేరదామా?" అన్నారాయన.

"ఒక్క నిమిషం" అన్నాను.

మళ్లీ మొదలవుతుందేమోనని బండి మెట్టు మీద ఒక కాలు పెట్టి అలాగే నిలబడ్డాను. మొదలవలేదు.